రెసిన్‌కి కొసరి వడ్డించిన నల్లపొడి

యానాం దాటాక రోడ్డు పక్కన చంద్రరావు గారి ఫైబర్ బోట్ల షెడ్డు ఉంది. ఆయన ఇంట్లో భోజనానికి కూర్చున్నవాళ్లు ఒకరి సాయం లేకుండా పైకి లేచిన దాఖలా లేదు. విస్తరికి చేయి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసేంత మర్యాద ఆయనది.

ఆ మర్యాద ఈసారి బోట్లకి పూసే రెసిన్ జిగురుకి దక్కింది.

ఆయన కూతురు సత్యశ్రీ కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. కాలేజీ ల్యాబ్ నుంచి చిన్న డబ్బాలో కార్బన్ నానోట్యూబుల పొడి తెచ్చింది. కంటికి కనిపించనంత సన్నటి గొట్టాలవి. రెసిన్‌లో సమంగా కలిస్తే గాజు పీచుతో చేసిన గ్లాస్ మ్యాట్ పొరల మధ్య పగులు పాకకుండా పట్టి ఉంచుతాయి. చేపల వేట నిషేధం అయిపోగానే ఆ ఊరి జాలరి ఐజాక్ సముద్రం మీదికి తీసుకెళ్లే కొత్త బోటుకి వాడదామని ఆమె ఆశ.

"నూటికి అర వంతు చాలు నాన్నా. అదీ మిక్సర్‌తో చాలాసేపు తిప్పాలి," అంది. సత్యశ్రీ మాట్లాడితే పక్కనున్నవాళ్లకి కూడా సగమే వినపడుతుంది.

చంద్రరావు గారు డబ్బాలోకి చూసి నొచ్చుకున్నారు. "అర వంతేంటమ్మా? చూసినవాళ్లు పిసినారులం అనుకోరూ?"

"ఎక్కువైతే గడ్డలు కడుతుంది. గడ్డ దగ్గరే..."

"కట్టనీ! బలమేగా!"

డబ్బా మొత్తం బకెట్‌లో బోర్లించి, కర్రతో నాలుగు తిప్పులు తిప్పారు. రెసిన్ నల్లటి హల్వాలా బిగిసింది. దాన్ని పీల్చుకోనని మ్యాట్ మొరాయించింది. ఆయన బ్రష్‌తో బతిమాలి, రోలర్‌తో బెదిరించి ఎలాగో పూత ముగించారు. పైన పచ్చరంగు వేసి, 'నానో బలం' అని రాయించారు. రంగు కింద ఏముందని అడగడం సభ్యత కాదు గనక ఊరంతా మెచ్చుకుంది.

బోటు దించే రోజు ఐజాక్ పాస్టరుగారి చేత ప్రార్థన చేయించాడు. చంద్రరావు గారు కొబ్బరికాయ కొట్టారు. పని పైవాళ్లకి అప్పగించాక ఇంక పరీక్షలెందుకు? సత్యశ్రీ మాత్రం బోటుకి వేసిన పూతలోంచే షెడ్డులో మిగిలిన పలచటి ముక్కని చున్నీ చాటున పట్టుకుని నిలబడింది. నోరు విప్పితే నాన్న పరువు పోతుంది. విప్పకపోతే ఐజాక్ పోతాడు. ఇంతలో అతను బోటు అంచు మీద చెయ్యి వేసి కాలెత్తాడు.

"ఎక్కకండి బాబాయ్!"

ఆ కేక తనదేనని ఆమెకి కాస్త ఆలస్యంగా తెలిసింది. ముక్కని మోకాలికి ఆనించి వంచింది. అప్పడంలా ఫట్‌మంది. లోపల నల్లటి గడ్డలు, రెసిన్ తగలని తెల్లటి పీచు.

"అది ఉత్త ముక్కండీ. బోటు వేరు," అన్నారు చంద్రరావు గారు.

"బోటు వేరే బకెట్‌లోదాండీ?" అని ఐజాక్ భార్య జ్ఞానమ్మ ఎంతో వినయంగా అడిగింది.

ఐజాక్ కాలు వెనక్కి తీసి, పాత చెక్క బోటు తాడు విప్పుకున్నాడు. నానో బలం ఒడ్డున నిగనిగలాడుతూ ఉండిపోయింది.

చంద్రరావు గారు కూతురి వైపు తిరిగారు. "ఈ సంగతేదో ముందే చెప్పొచ్చుగా!"

సత్యశ్రీ విరిగిన ముక్కలు రెండూ ఆయన చేతిలో పెట్టింది.