ఎనిమిదో దెబ్బ

సంపూర్ణక్క మా అన్న పాటను దొంగిలించలేదు. స్టూడియో గుమ్మం బయట కూర్చుని విన్నది, అంతే.

కొత్తగూడెంలో మా చర్చి క్వయర్ ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. ఏ రాగం చెవిన పడినా, చేతిలో ఉన్న మాటల్ని దానికి తొడిగి చూస్తారు. ఆ శనివారం వాళ్ళ చేతిలో ఉన్నది మా పాస్టర్ బెంజమిన్ అయ్యగారు రాసిన వాగ్దాన పాట. లోపల మా అన్న క్రాంతికుమార్ గిటార్ మీద వాయిస్తున్నది తన సొంత పాట. రెండూ టైలర్ కొలత తీసి కుట్టినట్టు సరిపోయాయి.

ప్రతి కొత్త సంవత్సరానికీ మా చర్చి ఒక వాగ్దాన పాట విడుదల చేస్తుంది. మాటలు అయ్యగారివి. రాగం ప్రభువు అయ్యగారికి ఇస్తాడు, కాకపోతే ఏటా మా అన్న ద్వారా ఇస్తాడు. ఈసారి డిసెంబర్ వచ్చినా ఇవ్వలేదు. అన్న బుర్రంతా తన పాటలోనే ఉంది. బెంగళూరులో ఏదో మ్యూజిక్ ఫెస్టివల్ వాళ్ళు పంపమన్నారు. షరతు ఒకటే: ఆ పాట అంతకుముందు ఎక్కడా బయటికి వచ్చి ఉండకూడదు.

నేను హెప్సిబాని, అతని చెల్లెల్ని. బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, సెలవు రోజుల్లో అన్నకు సౌండ్ ఇంజనీర్ని. రెండింట్లోనూ పని ఒకటే. ఎక్కడ పాడైందో చెప్పి తిట్లు తినడం.

అయ్యగారు చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చేశారు. వెనకాలే ఆడవాళ్ళు.

"క్రాంతీ, గిదేరా నేనడిగింది! ఇన్నొద్దులు ఎందుకు దాసినవ్?"

"అయ్యగారూ, గది మీ పాట కాదు. బెంగళూరుకు పంపేది."

"బెంగళూరోళ్ళేం చేస్కుంటర్రా దాన్ని? అక్కలు అప్పుడే పాడుతున్రు."

"రాగం మస్తుంది గానీ," అంది సంపూర్ణక్క, "చప్పట్లే కూడతలేవు. కొట్టబోయేసరికి పాట ఉరుకుతుంది."

"మా అత్తమ్మ లెక్క," అంది వెనకనుంచి మహిమ. "కూసున్నదనుకునే లోపే లేస్తది."

అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు. పాట ఏడు దెబ్బల లెక్కలో నడుస్తుంది. చర్చి చేతులు ఎనిమిదికి అలవాటు పడ్డవి. ఎనిమిదో దెబ్బ పడాల్సిన చోట అన్న పాట మళ్ళీ మొదలైపోతుంది. ఆ ఒక్క దెబ్బ లేకపోవడం కోసమే వాడు రెండేళ్ళు కష్టపడ్డాడు.

"ఒక్క దెబ్బ కలుపు," అన్నారు అయ్యగారు. "గంతే గద."

అన్న తల వంచి గిటార్ తీగ బిగించాడు.

"ఈ గది తాళం నీ చేతిలో పెట్టిన నాడు నేనేమన్న అడిగిన్నా, క్రాంతీ?"

గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం కూడా లేదు. స్టూడియో చర్చి వెనక గదిలో ఉంది. గోడలకు అంటించిన అట్టలు మావి, గోడలు చర్చివి.

మూలన స్టూలు మీద, డోలు ఒళ్ళో పెట్టుకుని దస్రన్న కూర్చున్నాడు. అన్న పాటకు వాయించడానికి చర్ల అవతలి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. ఆ పాటలోని ఏడు దెబ్బలు ఆయన డోలువే. దారిలో పోలీసు క్యాంపు దగ్గర డోలును రెండుసార్లు తట్టి చూసి పంపారట. చర్చి సంగతులు ఆయనకు పట్టవు, ఆయన దేవతలు వేరు.

"ఏందట తమ్మీ?"

"నీ ఏడు దెబ్బలకు ఇంకోటి కలపమంటున్రు."

అన్న ఆ మాట ఎందుకు చెప్పాడో నాకు తెలుసు. దస్రన్న ఒప్పుకోడని, తను అనలేని 'కాదు' ఆయన అంటాడని.

"కలుపుదాం," అన్నాడు దస్రన్న. "చెయ్యి నాదే గద."

కలిపాడు. ఆడవాళ్ళు అందుకున్నారు. చప్పట్లు ఒక్కటీ తప్పకుండా పడ్డాయి, గది ఊగిపోయింది. పాట బాగుంది. నన్ను భయపెట్టింది అదే. చెడిపోయి ఉంటే ఎంత సులువుగా ఉండేదో.

"రికార్డ్ పెట్టమ్మా," అన్నారు అయ్యగారు నాతో.

నా వేలు రికార్డ్ కీ మీద ఉంది. ఒక్క టేక్ చాలు. సాయంత్రానికల్లా క్వయర్ గ్రూపులో తిరుగుతుంది, పండక్కి ముందే ప్రతి చర్చిలో మోగుతుంది. ఆ తర్వాత అది అన్న పాటని ఎవరికి చెప్పినా నవ్వుతారు.

"ఆగు," అన్నాడు అన్న. గిటార్ పక్కన పెట్టి కీబోర్డ్ ముందు కూర్చున్నాడు. "అయ్యగారూ, పది నిమిషాలు. ఇంకోటి కడ్త. నచ్చకపోతే గదే తీస్కోండి."

అయ్యగారు కుర్చీ లాక్కున్నారు. వాచీ చూడలేదు గానీ, చెయ్యి మాత్రం వాచీ మీదే పెట్టారు.

అన్న మెడ వెనక చెమట కాలర్లోకి దిగడం చూస్తున్నాను. మొదటిది కట్టి వదిలేశాడు. రెండోది పాతదే మళ్ళీ వచ్చింది. "పోయినేడాదిది గద," అంది సంపూర్ణక్క, మొహమాటం లేకుండా. మూడోసారి నిండుగా ఎనిమిది దెబ్బలతో, ఎక్కడ చప్పట్లు కొట్టాలో ముందే తెలిసిపోయే రాగం ఒకటి చేతుల్లోంచి జారింది. ఆలోచించి కట్టింది కాదు. ఇన్నేళ్ళ వాగ్దాన పాటలన్నీ కలిసి వాడి వేళ్ళతో కట్టించాయి.

రెండో చరణానికల్లా ఆడవాళ్ళు నిలబడ్డారు. దస్రన్న అడగకుండానే డోలు అందుకున్నాడు.

"అవ్! గిది ఇంక మంచిగుంది," అంది సంపూర్ణక్క. "ఆ ఉరికే పాట యాడికన్న పోనియ్ తీ."

"ప్రభువు సరైన టైంకే ఇస్తడు," అన్నారు అయ్యగారు, కళ్ళు తుడుచుకుంటూ. నిజంగానే తడి ఉంది.

అన్న నా వైపు చూశాడు. గెలిచినవాడి ముఖం కాదు అది. రెండేళ్ళ పాట కన్నా పది నిమిషాల పాట బాగుందన్నారు. వాళ్ళు అబద్ధం ఆడేవాళ్ళు కాదు.

రికార్డింగ్ జల్దీగా అయిపోయింది. వందనాలు చెప్పుకుంటూ అందరూ వెళ్ళాక అన్న తలుపు వేసి గిటార్ తీశాడు.

"ఇంక మనది."

దస్రన్న ఏడు మొదలుపెట్టాడు. పాట రెండో చుట్టు దాటలేదు. అన్న మడమ నేల మీద టక్కుమని పడింది. ఎనిమిదో దెబ్బ. మైకులోకి స్పష్టంగా వచ్చింది. గిటార్ దాని వెనకే పోయి తప్పింది.

"మళ్ళీ," అన్నాడు.

మళ్ళీ పడింది. మూడోసారీ పడింది. వాడు తన కాలి వైపు, ఎవరో పరాయివాళ్ళు గదిలోకి వచ్చినట్టు చూశాడు. నేను మూడు టేకులూ తీసేశాను. వాల్యూమ్ సరిచేస్తున్నట్టు నటించాను.

"నవ్వకు దస్రన్నా."

"నవ్వుతలేను." నవ్వుతూనే ఉన్నాడు. స్టూలు ముందుకు జరుపుకుని, తన పాదాన్ని అన్న పాదం మీద పెట్టి గట్టిగా నొక్కాడు.

"ఇగ వాయించు."

నేను కీ నొక్కాను.