పాత కొలత

నారాయణఖేడ్ బస్టాండు వెనక సందులో సంగప్ప పెట్టిన కంప్యూటర్ దుకాణంలో ఒకటే మిషను ఉండేది. అది కూడా పట్నంలో ఎవరో వాడి వదిలేసింది. మంజీర మీద ఆనకట్ట కట్టినప్పుడు నీళ్ళ కిందికి పోయిన ఊళ్ళలో సంగప్పవాళ్ళ ఇప్పగడ్డ ఒకటి. పరిహారం చేతికొచ్చాక కొందరు చెలకలు కొనుక్కున్నారు, కొందరు తాగి తీర్చేశారు, సంగప్ప ఆ మిషను కొన్నాడు. అతని తండ్రి బాలప్ప ఆ సంగతి ఎవరు ఎత్తినా ఒకటే మాట అనేవాడు.

"నల్లరేగడి మునిగిపాయె. దాని బదులు మావోడు గీ డబ్బ తెచ్చిండు. దీంట్ల విత్తనం ఎక్కడేస్తరో నాకింకా సమజ్ కాలే."

ఆ డబ్బకు ఒక రోగం ఉండేది. లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. దాంతో కరెంటు పోయిన ప్రతిసారీ తన కడుపులో ఎంత పెద్ద డిస్కు ఉందో అది మరిచిపోయేది. మళ్ళీ స్విచ్ వేయగానే నీలం తెర పరిచి అడిగేది. డిస్కు కొలతలు మూడు సంఖ్యల్లో చెప్పాలి. చెబితేనే లేచేది. ఖేడ్‌లో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు కదా. ఆ మూడు కొలతలు సంగప్ప వేళ్ళకు ఎంత అలవాటయ్యాయంటే, నోటితో చెప్పమంటే తడుముకునేవాడు గాని వేళ్ళు మాత్రం బీడీ ముట్టించుకున్నంత సులువుగా కొట్టేసేవి. బ్యాటరీ మార్చాలంటే మిషను మోసుకుని పట్నం పోవాలి. వేళ్ళు పని చేస్తుంటే పట్నం దేనికి?

బాలప్ప కాళ్ళకూ అలాంటి అలవాటే ఒకటి ఉంది. ఊరు మునిగినవాళ్ళకు సర్కారు కాలనీని నీళ్ళకు ఎడంగా గడ్డ మీద కట్టింది. తెల్లవారకముందే చెంబు పట్టుకుని బయలుదేరిన ముసలాయన, కాళ్ళు ఎటు పోతే అటు పోయి, మోకాళ్ళకు నీళ్ళు తగిలాక గాని ఆగేవాడు కాదు. ఆ నీళ్ళ కింద ఆయన వాకిలి ఉంది. చేపలవాళ్ళు ఎవరో ఒకరు చెయ్యి పట్టి వెనక్కు తెచ్చేవారు. "కండ్లకు తెలుసురా, కాళ్ళకే తెల్వది" అని ఆయనే నవ్వేవాడు.

దుకాణంలో టైపు పని లీలమ్మది. ఆమెదీ ఇప్పగడ్డే. ఆమె తల్లి గ్రేసమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ఇప్పగడ్డ చర్చిలో పాటల పుస్తకం ఎవరూ తెరిచేవారు కాదు. గ్రేసమ్మ నోరే పుస్తకం. అన్నీ ఏసు పాటలే, వరసలు మాత్రం నాట్లవి, ఇసుర్రాతివి. అవి ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు, గ్రేసమ్మ తండ్రి అని కొందరు, ఆయన తల్లి అని కొందరు. ఊరు చెదిరి ఒక్కో ఇల్లు ఒక్కో దిక్కు పోయాక, పాడే గొంతు ఆమె ఒక్కతే మిగిలింది. కాలనీలో కొత్త చర్చి లేచినప్పుడు పాస్టరు ప్రేమదాసు ఆ పాటలను పుస్తకం వేద్దామన్నాడు.

ఆ ఎండాకాలమంతా గ్రేసమ్మ మిషను పక్కన స్టూలు మీద కూచుని పాడింది. ఒక ముక్క పాడి ఆగేది.

"అయిందా బిడ్డా?"

"అయింది, ఇగ చెప్పు."

"చెప్పుడేందే, పాడాలె. చెబితె రాదు నాకు" అని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేది. సందులో పోయేవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి వినేవారు. పెండ్లిపత్రిక అచ్చు వేయించుకుందామని వచ్చిన సిర్గాపూర్ ఆసామి ఒకడు, పని మరిచి పాట విని పోయాడు.

వానలు పడ్డాయి. గ్రేసమ్మకు జ్వరం తగిలింది. దవాఖానకు తీసుకుపోయేటప్పుడు బండిలో కూడా, మరిచిన పాట ఒకటి ఉందని, వచ్చాక పాడతానని చెప్పింది. రాలేదు.

తల్లిని మట్టిలో పెట్టి వచ్చిన లీలమ్మ కొన్నాళ్ళకు మళ్ళీ దుకాణానికి వచ్చింది. అప్పటికే డిస్కు లోపల కిర్రుమని చప్పుడు మొదలైంది. సంగప్ప భయపడి పట్నం పోయి కొత్త డిస్కు తెచ్చాడు. పాతదాంట్లో ఉన్నదంతా దాంట్లోకి ఎక్కించాడు. ఎక్కించడం అయిపోగానే పాత డిస్కు ఒకసారి గట్టిగా కిర్రుమని ఆగిపోయింది. మళ్ళీ ఎంత కదిపినా తిరగలేదు.

"ముసలెద్దు. దుక్కి అయినంక పడ్డది" అన్నాడు సంగప్ప. అప్పటికి అతనికి ధైర్యంగానే ఉంది.

కొత్త డిస్కును బిగించి, దాని మీద అతికించిన కాయితం చూసుకుంటూ కొత్త కొలతలు ఒక్కొక్కటే కొట్టాడు. నల్లటి తెర మీద ఒకే వరుస వచ్చింది. మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్.

మిషను ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ కాయితం చూసి కొట్టాడు. మళ్ళీ అదే వరుస.

బాలప్ప అప్పుడే కాలనీ బస్సు దిగి సద్ది తెచ్చాడు. కాళ్ళ మీద మోకాళ్ళ దాకా ఎండిన ఒండ్రు.

"ఏమంటున్నదిరా?"

"సామానంత వచ్చింది బాపు. కని లేస్తలేదు. డిస్కుకు మొదట్ల ఒక జాగ ఉంటది. లేచేటప్పుడు మిషను ముంగల గా జాగనే చూస్తది. మిగిలిందంత ఎక్కించిన, అదొక్కటి ఎక్కలే."

బాలప్ప సద్దిగిన్నె కింద పెట్టి పగలబడి నవ్వాడు. "ఊరి నడుమ బొడ్రాయి పాతలేదన్నట్టు! దూలాలు తెచ్చినం, దర్వాజలు తెచ్చినం, గొడ్డుగోద తెచ్చినం. పాత రాయి తియ్యాల్నా కొత్తది చెక్కియ్యాల్నా అని కొట్లాడుకుంట కూసున్నం. గంతల నీళ్ళొచ్చె. ఇగ గా కాలనీ ఎన్నడన్న ఊరైందా? మా తోటి కాలే. నీ తోటి అయితదా, చదువుకున్నోనివి?"

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ చివరి మాట సంగప్పకు ముల్లులా దిగింది.

మిషనును విడిగా లేపడానికి అతని దగ్గర ఒక ఫ్లాపీ ఉంది. దాన్ని పెట్టి లేపాడు. డిస్కులో ఉన్నవాటి పేర్లు తెర మీద బారుగా దిగాయి. లీలమ్మ ముందుకు వంగి చూసింది. తల్లి పాటల పేర్లన్నీ, తాను పెట్టిన పేర్లే, వరుసగా ఉన్నాయి.

"ఉన్నయన్నా!"

"ఉన్నయి. నేను చెప్పలేదా?"

"ముందుగాల గవి ఒక ఫ్లాపీల పెట్టన్నా. తర్వాత దాన్నెట్లనన్న లేపుకో."

ఆమె చెప్పింది సబబే. కానీ దుకాణంలోని ఫ్లాపీలన్నిటికీ వానాకాలపు బూజు పట్టింది. ఒకటి పెడితే గీరుకుంది. ఇంకొకటి పెడితే మిషను ఛీ కొట్టింది. బాగున్నది ఆ లేపే ఫ్లాపీ ఒక్కటే, అందులో జాగా లేదు. కాయితం మీద అచ్చు తీద్దామంటే, తానంతట తాను లేస్తే తప్ప ఆ మిషనుకు తెలుగు అక్షరం రాదు.

"జహీరాబాద్ బస్సు డ్రైవరుకు చెప్పి కొత్త ఫ్లాపీలు తెప్పిస్త. రేపు వస్తయి. అందాక ముట్టకన్నా."

"ఒక్క లైను చెల్లె. ఆ జాగ రాసెయ్యమని ఒక్క లైను కొట్టాలె, అంతే. పాలు పొంగేలోపల లేస్తది. లేవంగనే అన్నీ అచ్చు తీసి నీ చేతుల పెడ్త."

లీలమ్మ తండ్రీకొడుకుల మొహాలు చూసింది. బయటికి పోయి, బస్సు డ్రైవరుకు చెప్పి వచ్చింది.

సంగప్ప మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు. కరెంటు పోయింది.

"బాగనే ఉంది" అన్నాడు బాలప్ప. "తినండి గంతల."

ముగ్గురూ జొన్నరొట్టె తిన్నారు. పుస్తకం అట్ట మీద గ్రేసమ్మ ఫొటో వేయాలా వద్దా అని మాట వచ్చింది. ఫొటో ఉన్నది ఒకటే, రేషను కార్డుది, దాంట్లో ఎవరినో తిట్టబోతున్నట్టు ఉంటుంది.

"గదే వెయ్యి" అన్నాడు బాలప్ప. "తిట్టకుంట ఎన్నడున్నది గ్రేసమ్మ? నన్నయితె పాటలల్ల పెట్టి తిట్టేది."

లీలమ్మ నవ్వింది. తల్లి పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు సగంలో ఉండగానే ఫ్యాను కదిలింది. సంగప్ప కూడా నవ్వుతూనే మిషను దగ్గరికి జరిగాడు. నీలం తెర వచ్చింది. "ఫొటో అచ్చు ఖేడ్ల మంచిగ కొట్టరు చెల్లె, పట్నంల కొట్టిపిద్దాం" అంటూనే వేళ్ళు మూడు కొలతలు కొట్టేశాయి.

ఫ్లాపీతో లేపాడు. పేర్లన్నీ మళ్ళీ బారుగా దిగాయి, ఏ ఒక్కటీ పోలేదు. ఒక్క లైను కొట్టాడు. డిస్కు గుర్రుమంది. సిస్టమ్ ట్రాన్స్‌ఫర్డ్ అని వచ్చింది.

"పాతినవా?" అన్నాడు బాలప్ప.

"పాతిన!"

ఫ్లాపీ తీసి, స్విచ్ ఆపకుండానే మళ్ళీ మొదలుపెట్టాడు. తెర నల్లగా ఉంది. మూలన గీత ఒకటి మిణుకుమిణుకుమంటోంది. ఎంతసేపు చూసినా అంతే.

మళ్ళీ ఫ్లాపీ పెట్టాడు. పేర్లు ఉన్నాయి. ఒక పాట పేరు పట్టుకుని లోపల ఏముందో చూపించమన్నాడు. పిచ్చిగీతలు, నవ్వు మొహాలు, పేక ముక్కల బొమ్మలు, బీప్ బీప్ మని అరుపులు. ఇంకొక పాట తెరిచాడు. దాంట్లో ఎవరిదో పెండ్లిపత్రిక ముక్క, తర్వాత మళ్ళీ పిచ్చిగీతలు.

కరెంటు పోయినప్పుడు డిస్కుకు దెబ్బ తగిలిందనుకున్నాడు. చెడినదాన్ని బాగుచేసే కమాండు ఒకటి అతనికి తెలుసు. అది కొట్టాడు. మిషను లోపలంతా చూసి, తప్పులు చాలా ఉన్నాయి, సరిచేయనా అని అడిగింది.

"ఏమడుగుతున్నదన్నా?"

"సరిజెయ్యనా అంటున్నది."

"దేన్ని చూసి సరిజేస్తది?"

సంగప్ప ఆ ప్రశ్న విన్నాడు. విని కూడా సరే అన్న అక్షరం నొక్కాడు. వరస మీద వరస పైకి పోయింది. అది ఆగాక పేర్లు చూపమన్నాడు. పాటల పేర్లు లేవు. వాటి బదులు వట్టి నంబర్లు ఉన్నాయి, కాలనీ ఇళ్ళకు సర్కారోళ్ళు వేసినట్టు.

"సంగన్నా" అంది లీలమ్మ మెల్లగా. "నువ్వు గా కాయితం చూసినవా?"

"ఏ కాయితం?"

"కొలతల కాయితం. కరెంటొచ్చినంక చూడలే నువ్వు. నాతోటి మాట్లాడుకుంట కొట్టినవు."

అతను చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత నీలం తెర తెప్పించి చూశాడు. అక్కడ ఉన్నవి పాత డిస్కు కొలతలు.

బాలప్పకు ఇదేమీ అర్థం కాలేదు. కొడుకు మొహం చూసి మాత్రం లేచి నిలబడ్డాడు. "ఏమైందిరా?"

"గొలుసు తప్పింది బాపు" అన్నాడు సంగప్ప. "సర్వేయరు తప్పు గొలుసుతోటి కొలిచిండనుకో. ఊరి ముంగటి చేన్లకు తేడా రాదు, పోతుంటే పోతుంటే పెద్దగయితది. ఒకని చేను పోయి ఇంకొకని చెలకల పడ్తది. పేర్లు ముంగటనే ఉంటయి, గందుకే మంచిగ కనబడ్డయి. మిగిలినయన్ని... మీదికెల్లి నేనే సరిజెయ్యమన్న. గా తప్పు కొలతనే చూసి మొత్తం సరిజేసింది."

కొత్త కొలతలు కొట్టి చూశాడు. ఇప్పుడు ఏ కొలత కొట్టినా ఒకటే. చెరిగింది చెరిగింది. పొద్దు కుంకేదాకా ఒక్కొక్క నంబరు తెరిచి వెతికాడు. ఒకచోట సగం వాక్యం దొరికింది. 'గొర్లకాపరి వచ్చె గట్టు దిగి', ఆ పైన ఏమీ లేదు.

బాలప్ప గోడకు ఆనుకుని కూచుని ఏదో వరస తీశాడు. నాట్ల వరస. నోరు తెరిచాడు, మూశాడు. "రాగం వస్తున్నది బిడ్డా. మాట వస్తలేదు. గ్రేసమ్మ పాడుతుంటె మేం ఎనక హోయ్ అనేటోళ్ళం, గంతే."

"నీకన్న గుర్తుండాలె కద చెల్లె" అన్నాడు సంగప్ప, బతిమాలుతున్నట్టు. "పక్కనే కూసోని అన్ని కొట్టినవు. ఎండకాలమంత."

లీలమ్మ కీబోర్డు మీది అక్షరాలకేసి చూసింది.

"నేను వినలే అన్నా. అమ్మ పాడుతుంటే గుడి ఎక్కడ, దీర్ఘమెక్కడ, వత్తు ఎక్కడ అని చూసిన. అక్షరాలే కొట్టిన. పాట ఎట్లున్నదో నేను వినలే. పుస్తకం వచ్చినంక చదువుకుందామనుకున్న."

అంతే. ఆమె సంచి తీసుకుని ఆఖరి బస్సుకు పోయింది. బాలప్ప ఆమె వెనకే పోయాడు. గుమ్మం దాటబోతూ ఆగి, కొడుకు వైపు తిరిగాడు. "పొద్దుగాల నేను నిన్ను గట్ల అనకుంటే..." అన్నాడు. సంగప్ప ఇంకొక నంబరు తెరిచాడు. ముసలాయన దిగిపోయాడు.

మరునాడు సంగప్ప డిస్కును మొత్తం తుడిచి, మిషనును మొదటినుంచి కట్టాడు. కొత్త కొలతలను సుద్దతో గోడ మీద రాసుకున్నాడు. ఈసారి అది ఒక్క మాట అనకుండా లేచింది. చక్కగా, ఖాళీగా లేచింది.

జహీరాబాద్ బస్సు వచ్చిన కాసేపటికి లీలమ్మ లోపలికి వచ్చింది. చేతిలో కొత్త ఫ్లాపీల డబ్బా ఉంది. డ్రైవరు మాట తప్పలేదు. డబ్బాను బల్ల మీద పెట్టింది.

"పెట్టుకో అన్నా. ఎప్పుడన్న పనికొస్తయి."

టైపు కుర్చీలో కూచోలేదు. పక్కన ఉన్న తల్లి స్టూలు మీద కూచుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది, తల కొంచెం పైకెత్తింది, గ్రేసమ్మ పాట ఎత్తుకునే ముందు ఎత్తినట్టే.

"ఏం చేస్తున్నవు చెల్లె?"

"ఏం లేదు. అమ్మ గిట్లనే కూసునేది గద. గిట్ల కూసుంటె ఏమన్న వస్తదేమోనని."

సంగప్ప మెల్లగా కుర్చీ జరుపుకుని వేళ్ళను అక్షరాల మీద పెట్టాడు. వస్తే కొడదామని. ఆమె నోరు తెరిచింది. ఊపిరి పీల్చుకుంది. సందులో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆమె అలాగే ఉంది, నోరు సగం తెరుచుకుని.

తెర ఒక్కసారి కుంచించుకుని ఆరిపోయింది. పైన ఫ్యాను ఇంకొన్ని చుట్లు తిరిగి, నెమ్మదిగా నిలబడింది.