పొయ్యి వెలిగించిన రోజు

ఫెమ్కె సైకిల్ దిగి కాలువ గట్టు మీదే ఆగిపోయింది. వీబె బార్ పొగగొట్టం అంచున రెండు కాకులు కూర్చుని ఉన్నాయి. మెడ దగ్గర బూడిదరంగున్న చిన్న కాకులవి. వసంతంలో అవి పుల్లలు ఏరుకొచ్చి గొట్టాల్లో కుక్కి గూళ్లు పెడతాయని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే చలి మొదలై, గది వెచ్చబెట్టే పొయ్యి వెలిగించే ముందు ఎవరైనా గొట్టం దులిపిస్తారు.

ఈరోజు వీబె పొయ్యి వెలిగించాడు. ఏడాదిలో ఆ రోజంటే పాత గిరాకీలకు పండగే. ఫెమ్కె తండ్రి దౌవ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ వెళ్లాడు. లోపల బొగ్గు మండుతుంటే పైన కాకులు ఎందుకు కదలడం లేదు? వాటి కాళ్లకు వేడి తగలడం లేదా?

గాలి అనేదే లేదు. పొగమంచు నీళ్లను తాకుతూ కదలకుండా నిలబడి ఉంది.

ఆమె తలుపు తోసి, దాని వెనక వేలాడే మందపాటి తోలు తెరను పక్కకు లాగింది.

"తలుపు!" అని లోపలివాళ్లంతా ఒక్క గొంతుతో అరిచారు. చలికాలంలో అక్కడ ఎవరు అడుగుపెట్టినా దక్కే స్వాగతం అదే. ఆమె గబుక్కున మూసేసింది. మూసేశాక గాని పొగగొట్టం సంగతి గుర్తుకు రాలేదు.

తాతల నాటి చుట్టపొగకు గోడలు కాఫీరంగుకు తిరిగాయి. ఆ ఊరి అలవాటు ప్రకారం బల్లల మీద తివాచీలు పరిచి ఉన్నాయి. పొయ్యి పక్కన తన కుర్చీలో దౌవ కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. అతని ఒళ్లో ఉన్న టోపీ జారి కింద పడినా తీసుకోలేదు.

"మీ నాన్నని చూడవే," అన్నాడు పడవలు బాగుచేసే హార్మెన్. "మొన్నటిదాకా సున్నం కొట్టిన గోడలా ఉండేవాడు. ఇవాళ పెళ్లికళ వచ్చేసింది!"

నిజమే. ముసలాయన బుగ్గలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. గుండెజబ్బు వచ్చాక ఆ ముఖంలో అంత రంగు చూడలేదామె. ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది.

"వీబె బాబాయ్, గొట్టం దులిపించావా?"

వీబె బీరు పట్టి, గ్లాసు మీద పొంగిన నురగను బద్దతో ఒక్క గీతలో కోసేశాడు. "దులిపేవాడు మంచాన పడ్డాడు కదమ్మా. నేనే కింద నుంచి చూశాను. పైన ఆకాశం చక్కగా కనపడింది."

"ఎప్పుడు చూశావు?"

"ఈస్టర్‌కి ముందు."

"కాకులు గూడు పెట్టేది ఆ తరవాతేగా?"

"పొయ్యి మండుతోందిగా తల్లీ! గదిలో పొగేమైనా ఉందా, నువ్వే చెప్పు."

పొగ లేదు. రాతిబొగ్గు కణకణలాడుతోంది. కానీ గొట్టం మూసుకుపోతే కంటికి కనపడని, వాసన కూడా లేని విషవాయువు ఒకటి గదిలోకి తిరిగొస్తుందని ఆమెకు తెలుసు. పోయినేడు పక్క ఊళ్లో మొగుడూ పెళ్లామూ తమ పడవలో పొయ్యి పెట్టుకుని పడుకున్నారు. మళ్లీ లేవలేదు.

"మొదలెట్టింది రా నాయనా!" హార్మెన్ బల్ల చరిచాడు. "పొరుగావిడ రొట్టె మాడిస్తే ఫైరింజన్ని పిలిచింది ఈవిడే. ఇక పొయ్యి మీద పడింది."

అందరూ నవ్వారు. అందరి నవ్వూ ఆగాక దౌవ నవ్వాడు, కళ్లు మూసుకునే.

వీబె గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. "ఇది నా పొయ్యి గ్లాసు, వెలిగించిన రోజు వచ్చినవాళ్లకి ఊరికే పోసేది. కాదన్నావంటే నన్ను తిట్టినట్టే."

ఇప్పుడు లేచి తలుపు బార్లా తెరవాలంటే, ఇంతమంది పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న వెచ్చదనాన్ని వీధిలో పారబోయాలి. వాళ్లు జన్మంతా చెప్పుకుంటారు. ఈ గ్లాసు తాగి, నాన్నను మెల్లగా లేపుకుపోతే సరిపోతుంది. ఫెమ్కె కూర్చుంది.

బీరు చల్లగా, చేదుగా, బాగుంది. వీబె చేతిలోంచి బద్ద జారి కింద పడింది. వంగి తీయబోయి, మనసు మార్చుకున్నట్టు అలాగే నిలబడ్డాడు. హార్మెన్ ఏదో చేపలవాడి కథ ఎత్తుకుని మధ్యలో ఆగిపోయాడు. తరవాత ఏమైందని ఎవరూ అడగలేదు. అద్దాల మీద తేమ చారలు కట్టింది.

కణతల్లో ఎవరో గుడ్డతో బిగించి కట్టినట్టు నొప్పి. బీరు వల్లేమో అనుకుని గ్లాసు వంక చూసింది. సగం కూడా తగ్గలేదు.

"నాన్నా, ఇంటికి పోదాం పద."

"ఊఁ..."

"నాన్నా!"

"ఇంకాసేపుండనీవే..." మాట నూతిలోంచి వస్తున్నట్టుంది. "ఇంత హాయిగా ఎన్నడూ లేదు."

లేచి నిలబడబోతే ఆమె మోకాళ్లు మాట వినలేదు. అప్పుడు తెలిసింది ఫెమ్కెకు, తన ఒంట్లోకి కూడా అది చేరిందని. బల్లలు పట్టుకుంటూ పోయి తెర లాగి, తలుపు బార్లా తీసింది.

"తలుపు..." ఈసారి రెండు గొంతులే.

"మతి పోయిందటే నీకు? చలి!" హార్మెన్ తనే మూద్దామని లేచాడు. రెండడుగులేసి, బల్ల మీది తివాచీని పట్టుకుని, గ్లాసులతో సహా దాన్ని మీదికి లాక్కుంటూ కూలిపోయాడు.

ఎవరూ నవ్వలేదు. "వాడింకా ఒక్క గ్లాసే తాగాడు," అన్నాడు వీబె. అంటూనే అతని ముఖం మారిపోయింది.

ఫెమ్కె కుర్చీ ఎత్తి కిటికీ అద్దం పగలగొట్టింది. ఆమే, వీబే కలిసి దౌవను చంకల కింద పట్టుకుని గట్టు మీదికి ఈడ్చారు. మిగతావాళ్లు గోడలు తడుముకుంటూ వచ్చి, రాళ్ల మీద కూలబడి కక్కుకున్నారు. హార్మెన్ పాక్కుంటూ వచ్చాడు. చలిగాలి తగిలేసరికి ఒక్కొక్కరే తేరుకుంటున్నారు. వీబె ఫోను చేశాడు.

దౌవ ఒక్కడే కళ్లు తెరవలేదు.

అంబులెన్సు త్వరగానే వచ్చింది, కానీ అవతలి ఒడ్డుకి. పడవల కోసం ఎత్తే వంతెన పైకి లేచి ఉంది. ఇసుక పడవ ఒకటి, నీళ్లను కదపడం ఇష్టం లేనట్టు, దాని కిందుగా నెమ్మదిగా సాగుతోంది. పొగమంచులో నీలిరంగు దీపం తిరుగుతూనే ఉంది. ఇద్దరు మనుషులు సంచీతో దిగి కమ్మీ దగ్గర నిలబడ్డారు.

ఫెమ్కె తండ్రి ఛాతీ మీద అరచెయ్యి ఆనించింది. ఊపిరికి ఛాతీ లేచింది. చాలాసేపటికి మళ్లీ లేచింది.

పడవ మీద చుక్కాని పట్టుకున్నవాడు ఇటు చూశాడు. బార్ ముందు గట్టు మీద కూర్చున్న జనం కనపడ్డారు. దారిన పోయే ఏ పడవవాడైనా చేసినట్టే చెయ్యెత్తి పలకరించాడు.

ఫెమ్కె చెయ్యి దానంతటదే తండ్రి ఛాతీని వదిలి పైకి లేచి, జవాబు చెప్పింది.

ఉలిక్కిపడి చెయ్యి మళ్లీ అక్కడే పెట్టింది. తన ఊపిరి బిగబట్టి, అతని ఊపిరి కోసం ఎదురుచూసింది. పడవ ఇంకా సగం కూడా దాటలేదు.