బాలిలో మడవ కట్టిన మా నాన్న

బాలి కొండవాలు మీద మెట్లు మెట్లుగా వరిమళ్ళు. అందరం ఫొటోలు తీసుకుంటుంటే మా నాన్న వెంకటరమణప్ప మాత్రం గట్టు దిగి, పై మడి నుంచి కింది మడికి నీళ్ళు పారే మడవను బురదతో మూసేశాడు.

"నీళ్ళన్నీ ఊరికే పోతాండాయి, ఎవురికీ పట్టదా?" అని పైగా అరుపు. మా ఊరు మిట్టేమరిలో మా పొలం బోరు ఎండిపోయి చాలా ఏళ్ళయింది మరి.

ఆ మడి రైతు పరుగున వచ్చాడు. తిట్టలేదు. నవ్వుతూ మడవ తెరిచి, కింది మడిలో నాట్లు వేస్తున్న ముసలామెను చూపించాడు. నాన్న నాలుక కరుచుకున్నాడు.

ఆ రైతే అరిటాకులో కొబ్బరి కలిపిన అన్నం తెచ్చి పెట్టాడు.

"చేతులు కడుక్కో నాయినా" అన్నాను విసుగ్గా.

నాన్న బురద చేతులను అలాగే చూసుకుంటున్నాడు.

"రోంతసేపు ఉండనీమ్మా. ఇంత తడి మట్టి తాకి ఎన్నేండ్లాయనో."