వర గోడెక్కిన వానపాములు

మైపాడులో పోలేరమ్మ ఇంటి దొడ్డి చిన్నది. ఉన్న చోటంతా చేపలు ఎండబెట్టడానికే చాలదు. అందులో నీడపట్టున ఉన్న ఒక్క మూలను కోడలు స్వర్ణ అడిగి తీసుకుంది. అక్కడ బావికి దించే సిమెంటు వర ఒకటి నిలిపి, అడుగున టెంకాయ పీచు పరిచి, పేడ, ఎండుటాకులు, కూరల తొక్కులు వేసి, మనుబోలు రైతు పెంచలకృష్ణ ఇచ్చిన వానపాములను వదిలింది. ఇసుక నేలలో తాను పెట్టిన వంగమొక్కలు నాలుగాకులు వేసి పసుపెక్కిపోతుంటే రెండేళ్ళు చూసి చూసి పూనుకున్న పని అది.

పోలేరమ్మ కాదనలేదు గానీ గడువు పెట్టింది. వినాయక చవితి లోపల ఎరువు చేతికి రాకపోతే వర తీసేసి, అక్కడ చేపలు ఉప్పులో ఊరేసే తొట్టి కట్టిస్తానంది. స్వర్ణ సరేనంది. ఆ పిల్లకు మాటలు తక్కువ. అన్న మాట మీద మాత్రం నిలబడుతుంది.

పోలేరమ్మ తమ్ముడు ముత్యాలయ్య వల బాగుచేసుకోవడానికి వచ్చినప్పుడల్లా వర మీది గోనెసంచి ఎత్తి చూసేవాడు. "గేలానికి గుప్పెడు ఎర్రలు ఇయ్యమ్మాయ్, కాలవలో కొరమీను పట్టి తెచ్చిస్తా" అనేవాడు. స్వర్ణ నవ్వి సంచి కప్పేసేది. రోజూ లోపలి నుంచి గుప్పెడు తీసి పిండేది. వేళ్ళ సందున ఒక్క చుక్క నీరు కనపడాలి, అంతకు మించకూడదు. నెల తిరిగేసరికి పైపొర టీపొడిలా రాలడం మొదలైంది.

చవితి ఇంక మూడు వారాలుందనగా ఒక ఉదయం ఆమె సంచి ఎత్తింది. వానపాములు వర గోడల మీదున్నాయి. వెలుతురు పడితే కిందికి దూరిపోయే జీవాలు పైకి ఎగబాకుతున్నాయి. కొన్ని అంచు దాటి ఇసుకలో పడి మెలికలు తిరుగుతున్నాయి. అప్పుడే వాటి మీదికి వస్తున్న కోడిని తోలి, స్వర్ణ లోపల చెయ్యి పెట్టి చూసింది. వేడి లేదు. చీమలు లేవు. గుప్పెడు పిండితే నీళ్ళు ధారగా కారాయి. వాసన చూసింది. చిటికెడు తీసి నాలుక కొసకు తాకించింది.

"ఏందమ్మే, మన్ను తింటుండావు?" అంది వెనక నుంచి పోలేరమ్మ.

"దీంట్లో నీళ్ళు పోసినావా అత్తా?"

"పోసినా. నిన్న ఎండుచేపలు కడిగిన నీళ్ళు. టెంకాయ చెట్టుకు పోసేదే గదా, అదెట్టా కాస్తుండాదో చూడు. పండగ దగ్గిరికొచ్చె, నీ ఎర్రలకూ కాస్త బలం పట్టుద్దని పోసినా."

స్వర్ణకు కోపం రాలేదు. ఆ వీధిలో పిందె రాలే టెంకాయ చెట్టు మొదట్లో గుప్పెడు ఉప్పు వెయ్యడం అందరూ చేసేదే. అత్త తనకు తెలిసిన మంచి తిండి పెట్టింది.

"చెట్టుకు ఉప్పు బలమే. ఇవి తోలుతో గాలి పీలుస్తాయి. ఉప్పు తగిలితే ఒళ్ళు ఎండిపోద్ది."

పోలేరమ్మ ముఖం చిన్నబోయింది. "అయితే అన్నీ చచ్చినట్టేనా?"

"చావనియ్యను. వీధి కుళాయిలో రెండు బిందెలు మంచినీళ్ళు పట్టుకురా అత్తా."

కాపురానికి వచ్చాక స్వర్ణ అత్తకు పని చెప్పడం అదే మొదలు. పోలేరమ్మ బిందెలు తీసుకుని గబగబా నడిచింది.

ఐసు పెట్టి చేపలు పంపే థర్మాకోల్ పెట్టె పాతది ఒకటి ఉంటే, స్వర్ణ దాన్ని మూడుసార్లు కడిగి, అడుగున మేకుతో చిల్లులు పొడిచి, రెండు వారాలు ఆరి వేడి తగ్గిన పేడతో నింపింది. ఒక్కొక్క వానపామునూ ఏరి, సన్నకన్ను వలముక్కలో వేసి మంచినీళ్ళలో ముంచి తీసి, పేడ మీద వదిలింది. పోలేరమ్మ ఆరబెట్టాల్సిన చేపల్ని అలాగే ఉంచి పక్కన కూర్చుని ఏరింది. తర్వాత వచ్చిన ముత్యాలయ్య ఆ రోజు హాస్యం ఆడలేదు. తానూ గొంతుక్కూర్చుని వేళ్ళతో వెతకసాగాడు.

బతికేవి లోపలికి దూరతాయి. చెయ్యగలిగింది చూస్తూ ఉండటమే. మొదట ఏదీ కదల్లేదు. కాసేపటికి ఒకటి తల దించి పేడలోకి జారింది. తర్వాత మరో రెండు. మధ్యాహ్నానికి సగానికి పైగా లోపలికి వెళ్ళిపోయాయి. మెత్తబడి పైనే మిగిలిన వాటిని స్వర్ణ తీసి వంగమొక్క మొదట్లో పూడ్చింది.

ఆ తర్వాత నాలుగు రోజులు వరలో మంచినీళ్ళు పోసి ఉప్పంతా కింది ఇసుకలోకి దించేసింది. నాలుక మీద ఉప్పదనం బొత్తిగా లేదని తేలాకే, తడి ఆరనిచ్చి, వానపాములను మళ్ళీ అందులో వదిలింది.

చవితి ముందురోజు వచ్చింది. పోలేరమ్మ తొట్టి మాట ఎత్తలేదు. స్వర్ణే జల్లెడ పట్టిన ఎరువును గంపతో తెచ్చి ఆమె ముందు పెట్టింది. గంప సగమే నిండింది.

"గడువు రేపటితో సరి అత్తా. సగం దాకా చచ్చినా ఇంత చేసినాయి."

పోలేరమ్మ గుప్పెడు తీసుకుంది. కోడలు చేసినట్టే పిండింది, వాసన చూసింది. వాన పడ్డ నేల వాసన తప్ప ఇంకేదీ లేదు.

"తొట్టి ఇంటి ముందర కట్టించుకుంటాలే," అంది.

"అయితే ఇక్కడ ఇంకో వర దించుదాం."

పోలేరమ్మ లేచి, పాత వర పక్కన ఇసుకలో కాలి మడమతో గుండ్రంగా గీత గీసింది.

"ఇంత సరిపోద్దా?"

"సరిపోద్ది. ఇంకాస్త నీడలోకి జరుపు."

పోలేరమ్మ గీతను కాలితో చెరిపేసి, రెండడుగులు జరిగి మళ్ళీ గీసింది.