అఖాతం మూసిన రోజు

ఆర్డిస్ కాలియోది చూడ్డానికి చిన్న ఉద్యోగమే. కానీ ఊళ్ళో సగం మందికి ఆమె మీద కోపం రావడానికి ఆ ఉద్యోగం చాలు. అమెరికాలో, ఆరిగన్ తీరంలోని హాల్వర్ బే అనే అఖాతం రేవులో నిలబడి, సరదాకి పీతలు పట్టి తెచ్చేవాళ్ళ బుట్టలు తనిఖీ చెయ్యాలి. మనిషికి పన్నెండు పీతలు, ఒక్కటి కూడా ఎక్కువ ఉండకూడదు. అన్నీ మగవే అయివుండాలి. డిప్ప అడ్డంగా ఐదుముప్పావు అంగుళాలకు వెంట్రుకవాసి తగ్గినా తిరిగి నీళ్ళలో వదిలెయ్యాలి. జేబులో ఆ ఏటి లైసెన్సు ఉండి తీరాలి.

ప్రతి సోమవారం ఆరు పీతల్ని మంచుగడ్డల మధ్య సర్ది పరీక్షకు పంపడం కూడా ఆమె పనే. సముద్రంలో ఒకరకం నాచు విపరీతంగా పెరిగిన ఏడాది దాని విషం పీతల కడుపులో చేరుతుంది. పీతకేమీ కాదు, తిన్నవాళ్ళకే ముప్పు. ఎంతసేపు ఉడికించినా ఆ విషం విరగదు. రంగు మారదు, వాసన రాదు, రుచిలో తేడా తెలియదు.

ఆ నవంబరులో, ఒక బుధవారం పొద్దున, ఆమె ఒడ్డు వెంబడి రేవుకు నడిచి వస్తుంటే ఇసుకలో సీల్ జాతి సముద్రసింహం ఒకటి కనిపించింది. మెడను వీపు మీదికి విరుచుకుని, ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టు తల అటూ ఇటూ తిప్పుతోంది. ఆమె పది అడుగుల దూరంలోకి వచ్చినా కదల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఆమెను చూస్తున్నట్టు లేవు. ఉన్నట్టుండి ఒళ్ళంతా వణికింది. ఆ వణుకు తగ్గాక మళ్ళీ మెడ విరిచింది.

ఇది నాచు విషమేనని తోచి, ఆర్డిస్ అక్కడి నుంచే సోమవారం పీతల్ని పంపిన ల్యాబుకు ఫోన్ చేసింది.

"రిపోర్టు రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తుందండీ," అన్నాడు అవతలి మనిషి. "అది రాకుండా వేటకు బే మూసెయ్యమనే అధికారం నాకూ లేదు, మీకూ లేదు."

మర్నాడు పదకొండూ ఇరవైకి వెర్లిన్ టోఫ్టే పడవ రేవుకు చేరింది. వెర్లిన్‌కు డెబ్భై నాలుగేళ్ళు. నలభై ఏళ్ళు ఓడల్ని లాగే టగ్‌బోటు నడిపి రిటైరైన మనిషి. ఆర్డిస్ వాళ్ళకు రెండు వీధుల అవతల ఉంటాడు.

"ఏం ఇన్‌స్పెక్టరమ్మా, పొద్దుట్నుంచి ఎంతమంది ఉసురు పోసుకున్నావ్?"

"ఇవాళ్టికి నీదే బోణీ. బుట్ట దించు."

అతను లైసెన్సు తీసి చూపించాడు. ఆమె ఒక్కొక్క పీతనూ తిరగేసి, కొలబద్ద పెట్టి చూసింది. పన్నెండూ మగవే. పన్నెండూ పెద్దవే. వంక పెట్టడానికి ఏమీ లేదు.

"వెర్లిన్, నా మాట విను. ఇవి తినకు. రేపటిదాకా ఆగు. నిన్న ఒడ్డున సముద్రసింహం ఎలా కొట్టుకుందో చూస్తే నువ్వూ భయపడేవాడివి."

"ముసలిదైపోయుంటుంది, నాలాగ. బే మూశారా?"

"ఇంకా లేదు."

"నాకు లైసెన్సు లేదా?"

"ఉంది."

"పీతలు చిన్నవా?"

"కాదు."

"మరింకేంటమ్మా నీ గోల!" అని నవ్వుతూ బుట్ట భుజాన వేసుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి, జేబులోంచి లైసెన్సు తీసి మళ్ళీ ఆమె చేతిలో పెట్టాడు. "ఇదిగో, సరిగ్గా చూస్కో. తర్వాత వెర్లిన్ దొంగచాటుగా పట్టాడని ఊరంతా టముకు వెయ్యకు."

ఎగతాళి అనుకుని ఆర్డిస్ అతని ముఖంలోకి చూసింది. అక్కడ నవ్వు లేదు. కాగితం ఎప్పుడు తిరిగిస్తుందా అని మర్యాదగా ఎదురుచూస్తున్నాడు. ఆమె తల ఊపి కాగితం ఇచ్చేసింది. అతను వెళ్ళిపోయాడు.

పన్నెండూ ఐదుకి ఫోన్ మోగింది. విషం ఉండదగినదానికి నాలుగింతలు ఉందట. ఆ నిమిషం నుంచి హాల్వర్ బేలో పీతలవేట బంద్. ఆర్డిస్ ఎర్ర బోర్డు రేవు స్తంభానికి మేకులు కొట్టి తగిలించింది. మూడో మేకు వంకరపోయింది. దాన్ని అలాగే వదిలేసి కారెక్కింది.

తలుపు తీసింది వెర్లిన్ భార్య జూని. నిద్ర లేని ముఖం. వంటింట్లో పొయ్యి మీద పెద్ద డేక్సాలో పీతలు ఉడుకుతున్నాయి. వెర్లిన్ రొట్టెముక్కలకు వెన్న రాస్తున్నాడు. పీత పొట్టలోని పసుపుపచ్చ గుజ్జు రొట్టె మీద రాసుకు తినడమంటే అతనికి ప్రాణం. విషమంతా ఉండేది అందులోనే.

"రిపోర్టు వచ్చింది. పారెయ్, వెర్లిన్."

"ఎప్పట్నుంచి మూశారు?"

"పన్నెండింటి నుంచి."

"నేను పట్టింది పదకొండింటికి. కొలిచింది నువ్వే. ఇప్పుడొచ్చి లాక్కునే హక్కు నీకెక్కడిది?"

నిజమే, ఆమెకు ఆ హక్కు లేదు. ఆర్డిస్ రెండు గుడ్డలు తీసుకుని డేక్సా చెవులు పట్టుకుంది. వెనక తలుపు కాలితో తోసి, నీళ్ళతో సహా పీతలన్నిటినీ పెరట్లో గుమ్మరించింది. ఆవిరి గుప్పున లేచింది.

"పో నా ఇంట్లోంచి!" వెర్లిన్ అరిచాడు. "నీ పై ఆఫీసరుకు ఫోన్ చేస్తాను. నీ ఉద్యోగం ఊడగొట్టిస్తాను!"

ఆమె ముందు గుమ్మంలోకి వచ్చింది. చేతులు మంటెత్తుతున్నా గుండె కాస్త తేలికపడింది. సమయానికి వచ్చాననుకుంది. అప్పుడు జూని వెనకాలే వచ్చి తలుపు దగ్గరకు వేసింది.

"ఆర్డిస్, మంగళవారం కూడా పట్టుకొచ్చాడు. నాలుగు తిన్నాడు. నాకు పీతలు పడవు కదా, నేను ముట్టుకోలేదు. ఆ రాత్రంతా వాంతులు. నిన్న కాస్త తేరుకుని మిగతావి కూడా తిన్నాడు." గొంతు తగ్గించింది. "పొద్దుట్నుంచి మూడుసార్లు అడిగాడు, కుక్కకి తిండి పెట్టావా అని."

"ఏ కుక్క?"

"అదే మరి. అది పోయి రెండేళ్ళు దాటింది."

రేవులో తన ముందుకు రెండోసారి వచ్చిన లైసెన్సు ఆర్డిస్ కళ్ళ ముందు కదిలింది. ఆమె నోరు తెరిచేలోపే లోపల ఏదో బరువుగా పడిన చప్పుడైంది. ఇద్దరూ పరుగెత్తారు. వెర్లిన్ వంటింటి నేల మీద ఉన్నాడు. మెడ వెనక్కి విరుచుకుపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఆసుపత్రి నలభై మైళ్ళ దూరం. అంబులెన్సులో మరో రెండుసార్లు మూర్ఛ వచ్చింది. పంతొమ్మిది రోజులు అక్కడే ఉంచారు. చావు తప్పింది. మనిషి నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, తాళ్ళకు ముళ్ళు వేస్తున్నాడు. కానీ గడిచిన కొన్నేళ్ళు అతని తలలోంచి ఎవరో తుడిచేసినట్టు పోయాయి. కొత్తగా చెప్పింది పావుగంట కూడా నిలవడం లేదు. ఇది తగ్గేది కాదని డాక్టర్లు జూనికి చెప్పేశారు.

ఆర్డిస్ పై ఆఫీసరు దగ్గరకు తనే వెళ్ళి జరిగిందంతా చెప్పింది. పదకొండూ ఇరవైకి బుట్ట వదిలేశానని, ఆ తర్వాత అధికారం లేకుండా పీతలు పారబోశానని ఏదీ దాచలేదు. ఆయన అంతా విన్నాడు. "నిబంధనల ప్రకారం నీ తప్పేమీ లేదు," అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్ళింది గానీ, అది ఆమెకు ఎందుకూ కొరగాలేదు.

మార్చిలో బే మళ్ళీ తెరిచారు. ఆ వారమే జూని ఆఫీసుకు వచ్చింది.

"ఆయనకు లైసెన్సు ఇస్తారా, ఇలా ఉన్నా?"

"ఇవ్వను అనడానికి రూలేదీ లేదు. పేరు, అడ్రసు, పుట్టినతేదీ, అంతే." ఆర్డిస్ కలం పక్కన పెట్టింది. "కానీ జూని, పడవలో ఒక్కడే..."

"ఒక్కణ్ణీ ఎందుకు పంపుతాను? నాక్కూడా ఒకటి రాయి. ఇంట్లో కూర్చోబెడితే గోడలు తడుముకుంటూ తిరుగుతున్నాడు. నీళ్ళ మీదైతే మనిషిలా ఉంటాడేమో. తెచ్చింది మాత్రం నోట పెట్టనివ్వను."

డెబ్భై ఏళ్ళలో జూని పడవెక్కింది లేదు. మగపీతను, ఆడపీతను ఎలా గుర్తుపట్టాలో ఆర్డిస్ ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. మగదాని పొట్ట మీది మడత సన్నగా, ఆడదానిది వెడల్పుగా ఉంటుంది. జూని ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుంది.

మర్నాడు జూని, వెర్లిన్ పడవేసుకుని వెళ్ళారు. పొద్దున పది నుంచి ఆర్డిస్ వానలోనే రేవులో నిలబడింది. నీళ్ళు బూడిదరంగులో, మునుపెప్పుడూ ఉన్నట్టే ఉన్నాయి. వాటిలో ఏముందో పైకి చూస్తే తెలిసేది కాదు. రెండున్నరకు పడవ కనిపించింది. బుట్టలో ఐదు పీతలున్నాయి. ఆమె వంగి కొలబద్ద తీసింది.

వెర్లిన్ ఆమె టోపీ మీది బిళ్ళను, చేతిలోని కొలబద్దను ఆశ్చర్యంగా చూశాడు. ఆమె చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ మానేసి ఈ పనిలో చేరి అప్పటికి ఎనిమిదేళ్ళయింది.

"అరె ఆర్డిస్! ఫ్యాక్టరీ వదిలేశావా? చెప్పనే లేదే! ఇందులో ఎప్పుడు చేరావ్?"

జూని ముఖం తిప్పుకుని తాడు కట్టడంలో మునిగిపోయింది.

"ఈ మధ్యే," అంది ఆర్డిస్.