మూడు లైన్ల పని

మా మావగారి పళ్ళ ల్యాబులో పన్నెండేళ్ళుగా ఒక సర్వరు మూలుగుతూ ఉండేది. డెంటిస్టులు పంపే దవడ అచ్చుల్ని స్కానర్లో పెడితే ఆ బొమ్మలన్నీ అందులోకి వెళ్ళేవి. అక్కణ్ణించి కట్టుడు పళ్ళు చెక్కే మిషన్‌కి అందేవి. దాన్ని కంటికి రెప్పలా కాచుకునేవాడు మా తోడల్లుడు, అంటే నా భార్య అక్క మొగుడు. సర్వరు పక్కన బల్ల, బల్ల వెనక కుర్చీ, కుర్చీలో ఆయన. పెద్దల్లుడి కుర్చీ అని దానికి పేరు కూడా పడిపోయింది.

ఆయనంటే నాకు కడుపుమంట. దాచుకోవడం ఎందుకు? పాపం నోట్లో నాలుక లేని మనిషి, నాకే అపకారమూ చేయలేదు. కానీ మా ఇంట్లో ఏ మాట వచ్చినా నా భార్య తిప్పితిప్పి బావగారి దగ్గరికే తెస్తుంది. బావగారి ఓపిక, బావగారి నిదానం, బావగారి మాటతీరు. పదేళ్ళపాటు ఇదే పాట వింటే ఎవడికైనా ఒళ్ళు మండుతుంది.

ఆ వేసవిలో సర్వరు ఒకే వారంలో మూడుసార్లు చతికిలబడింది. నాది కంప్యూటర్ల పనే కాబట్టి మావగారు నన్ను పిలిచి కొత్తది తయారుచేయమన్నారు. బజారులో దొరికే రెడీమేడ్ పెట్టె అక్కడ ఆరు నెలలు కూడా నిలవదు, ల్యాబంతా ప్లాస్టర్ పొడే. అందుకని విడిభాగాలు తెచ్చి నేనే బిగించాను. పొడి దూరకుండా జల్లెడలున్న పెట్టె, నిదానంగా తిరిగే పెద్ద ఫ్యాన్లు, ఒకటి పోయినా రెండోది ఆదుకునేలా జంట డిస్కులు. తోడల్లుడే పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాడు. జారిపడ్డ స్క్రూలు ఏరి అరచేతిలో పెట్టుకుని అందించాడు.

మూడోరోజు ఆయన నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి, కాసేపు నీళ్ళు నమిలి, అసలు సంగతి చెప్పాడు. ఆ స్కానర్‌కి మొదట్నించీ ఒక రోగముందట. రోజూ ఓ పదో పదిహేనో బొమ్మల్ని కుడి ఎడమలు తారుమారు చేసి సేవ్ చేస్తుందట. ఏవి తిరగబడతాయో ముందుగా తెలీదు. అలాగే మిషన్‌కి వెళ్తే కుడివైపు పన్ను ఎడమ దవడకి తయారవుతుంది. అందుకని ఆయన రోజూ అందరూ వెళ్ళాక ఆరు నుంచి ఎనిమిది దాకా కూర్చుని, ప్రతి బొమ్మా తెరిచి, అచ్చు పక్కన పెట్టి చూసి, తిరగబడ్డవాటిని సరిచేసి, వాటి నంబర్లు పుస్తకంలో రాసుకునేవాడు. తప్పంతా తన సర్వరు మీదికి తోస్తారన్న భయంతో పన్నెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

"ఇదొక్కటీ నాకు వదిలెయ్ తమ్ముడూ," అన్నాడు. "ఇది కూడా లేకపోతే ఇంక ఆ కుర్చీలో కూర్చుని నేనేం చెయ్యాలి?"

అయ్యో, దానిదేముంది అన్నయ్యా అన్నాను. కొత్తదాంట్లో సరిచూసుకోవడానికని ఆ పుస్తకాలు అడిగాను. మర్నాడే తొమ్మిది పుస్తకాలూ గుడ్డసంచిలో తెచ్చి నా చేతికిచ్చాడు. నమ్మకం అంటే అలా ఉంటుంది.

కొత్త సర్వరు మొదలుపెట్టిన రోజు మావగారూ, పళ్ళు చెక్కే పనివాళ్ళూ అందరూ చేరారు. ఇరవై అచ్చులు వరసగా స్కాన్ చేయించాను. రెండు తిరగబడ్డాయి. తెర మీద అందరూ చూస్తుండగానే వాటంతటవే తిన్నబడ్డాయి. అప్పుడు తోడల్లుడి సాయంత్రాల సంగతి కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాను. ఆ పనంతా ఇకమీదట ఇదిగో, ప్రోగ్రాములో నేను రాసిన ఈ మూడు లైన్లు చేస్తాయన్నాను.

మావగారు కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగారు. "ఏమయ్యా పెద్దల్లుడూ, పన్నెండేళ్ళూ కూర్చున్నది దీనికా?" అన్నారు.

అందరూ నవ్వారు. తోడల్లుడు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

మర్నాటి నుంచి ఆ బల్ల మీద ప్లాస్టర్ బస్తాలు పెట్టారు. కుర్చీ వీధి తలుపు పక్కకి వెళ్ళింది. తయారైన పళ్ళ పెట్టెలు స్కూటరు మీద డెంటిస్టులకి అందించే పని ఆయనకి అప్పగించారు. మా ఇంట్లో బావగారి ఊసు ఆగిపోయింది. నా భార్య నాతో అవసరానికి మించి మాట్లాడటం కూడా ఆగిపోయింది, అది వేరే సంగతి.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం పెట్టెల కోసం వచ్చి, గదిలో ఎవరూ లేరని చూసుకుని, ఆ మూడు లైన్లు ఒకసారి చూపించమన్నాడు. తెరిచాను. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాడు.

"మా అమ్మాయి చిన్నప్పుడు నాకోసం గుమ్మంలో కూర్చునేదట. నేను ఇల్లు చేరేసరికి నిద్రపోయేది," అన్నాడు. "ఇప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. నాతో పెద్దగా మాట్లాడదు."

ఆయన ఇంకా తెరవైపే చూస్తున్నాడు.

"ఇది రాయడానికి నీకు ఎంతసేపు పట్టింది తమ్ముడూ?"

పదకొండు రోజులు పట్టింది. ఆయన పుస్తకాల్లోని నంబర్లు ఒక్కొక్కటీ పట్టుకుని, ఆ ఫైళ్ళు తెరిచి మామూలు వాటితో పోల్చి చూస్తే, పదకొండో రోజున తేలింది, తిరగబడ్డ ప్రతి ఫైలు మొదట్లోనూ ఒక అంకె తేడాగా ఉందని. ఆ పుస్తకాలే లేకపోతే నేను కాదు కదా, నా తాతొచ్చినా కనిపెట్టలేడు. ఆ మూడు లైన్లూ ఆయన పన్నెండేళ్ళ సాయంత్రాల్లోంచే వచ్చాయి. ఆ మాట చెబితే ఆయన తలెత్తుకుని ఇంటికి వెళ్ళేవాడు, కూతురికి చెప్పుకునేవాడు. అదంతా నాకు తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఐదు నిమిషాలు, అన్నయ్యా," అన్నాను.

తల ఊపాడు. పెట్టెల మీద పేర్లు సరిచూసుకుని, సంచిలో సర్దుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.